తెలియదు అన్న డాక్టరమ్మ

2021 మే రెండో వారం. గుంటూరు కొత్తపేటలో ఒక ప్రైవేటు ఆసుపత్రి మెట్ల దగ్గర మా బాబాయీ నేనూ నిలబడి ఉన్నాం. పైన మూడో అంతస్తులో పెదనాన్న కరోనాతో ఆక్సిజన్ మీద ఉన్నాడు. వార్డులోకి ఎవరినీ పోనివ్వడం లేదు. మాటలన్నీ ఫోన్లోనే. మాస్కు కాస్త పక్కకు జరిపి రెండు ముక్కలు మాట్లాడేవాడు: "తిన్నారా? మీ పెద్దమ్మ బీపీ బిళ్ళ వేసుకుందా?" పోస్టుమాస్టరుగా రిటైరైన మనిషి, తన సంగతి కన్నా ఎదుటివాళ్ళ సంగతే ముందు అడగడం అలవాటు.

ఒక జూనియర్ డాక్టరమ్మ కిందికి దిగి వచ్చింది. పీపీఈ కిట్టు అప్పుడే విప్పినట్టుంది. జుట్టు చెమటకి నుదుటికి అతుక్కుపోయింది, ముక్కు మీద మాస్కు ఒరిసిన ఎర్రటి గీత. చేతిలో స్టేపుల్ కొట్టిన కాగితాల కట్ట. మా దగ్గరికి వచ్చి నెమ్మదిగా చెప్పింది. "ఇక్కడ ఒక మందు మీద ట్రయల్ జరుగుతోందండీ. మీ వాళ్ళకి సరిపోతుంది. మామూలు వైద్యం ఎటూ నడుస్తుంది. దాంతోపాటు కొందరికి ఆ మందు ఎక్కిస్తాం, కొందరికి ఉత్తి సెలైన్. ఎవరికి ఏది అన్నది కంప్యూటరే తేలుస్తుంది. మాక్కూడా తెలియదు."

"ఆ మందు పనిచేస్తుందా అమ్మా?" బాబాయి అడిగాడు.

ఆమె ఒక్క క్షణం ఆగింది. "తెలియదండీ. తెలుసుకోడానికే ఇది."

"తెలియని మందు మా అన్నయ్యకెందుకమ్మా?" అనేశాడు బాబాయి. ఆ కాగితాలు ముట్టుకోను కూడా లేదు మేం. నేను పక్కనే ఉండి తలూపాను. ఆమె సరేనండీ అని మళ్ళీ మెట్లెక్కింది.

అదే రోజు మధ్యాహ్నం నర్సు ఒక చీటీ పంపింది. రెమ్‌డెసివిర్ ఇంజెక్షన్, 6 వయల్స్, అర్జెంట్. మొదటి రోజు రెండు, తర్వాత నాలుగు రోజులు రోజుకొకటి, అదీ ఆరు లెక్క. గుంటూరులో దొరకలేదు. విజయవాడలో సూర్యారావుపేట మందుల షాపులన్నీ ఫోన్లో అడిగాం, లేదు. చివరికి తెలిసినవాళ్ళకి తెలిసినవాళ్ళ ద్వారా బెంజి సర్కిల్ ఫ్లైఓవర్ కింద ఒక కుర్రాడు దొరికాడు. వదిన గాజులు తాకట్టు పెట్టిన డబ్బు అతని చేతిలో పెట్టాను. చల్లగా ఉంచాలన్నాడని స్టీలు క్యారేజీ అడుగు గిన్నెలో ఐసు ముక్కలు వేసి, పై గిన్నెలో వయల్స్ పెట్టి, బండి మీద వారధి దాటాను. మధ్యాహ్నం 12 తర్వాత కర్ఫ్యూ. పోలీసులు ఆపితే డాక్టర్ చీటీ చూపించాను. క్యారేజీ మూత తీసి చూసి, ఏమీ అడక్కుండా పొమ్మన్నారు.

ఆ కుర్రాడు మాత్రం తెలియదు అనలేదు. "పక్కాగా పనిచేస్తుందన్నా, మా వీధిలోనే ఇద్దరు లేచారు" అన్నాడు. తెలియదని నిజం చెప్పిన మనిషిని వెనక్కి పంపేసి, పక్కా అన్నవాడికి డబ్బులిచ్చాం. ఇన్నేళ్ళుగా నన్ను తినేస్తున్నది ఇదే. ఈ వ్యాసం రాస్తున్నదీ ఇందుకే.

పెదనాన్న బతికాడు. 17 రోజుల తర్వాత ఇంటికి వచ్చాడు. పెద్దమ్మ ఆ ఖాళీ వయల్ ఒకటి కడిగి షోకేసులో పెట్టింది, ఇప్పటికీ అక్కడే ఉంది. ఇంటికి ఎవరొచ్చినా "ఆ ఇంజెక్షనే మా ఆయన్ని నిలబెట్టింది" అంటుంది. కానీ పెదనాన్న పక్క మంచం మీద తెనాలి వైపు నుంచి వచ్చిన ఒకాయన ఉండేవాడు. ఆయనకీ అవే ఆరు వయల్స్ పడ్డాయి. ఆయన పోయాడు. వాళ్ళబ్బాయి మాతో పాటే మెట్ల మీద కూర్చునేవాడు. ఆయన పోయిన రోజు ఆ ఇంజెక్షన్ పనిచేయలేదని ఎవరూ అనలేదు. "ఆయుష్షు అంతే" అన్నారు. మేమూ అదే అన్నాం.

బతికితే మందు గొప్ప, పోతే ఆయుష్షు తక్కువ. ఇలా లెక్క రాస్తే ఏ మందూ ఎప్పటికీ ఓడిపోదు. నేను గవర్నర్‌పేటలో ఒక ఆడిటర్ దగ్గర పాతికేళ్ళుగా లెక్కలు చూస్తున్నాను. జమలు మాత్రం రాసి ఖర్చులు రాయని పుస్తకం ఎవరైనా తెస్తే అది పుస్తకమే కాదని తిప్పి పంపిస్తాం. మా ఇంటి మనిషి ప్రాణం దగ్గరికి వచ్చేసరికి అలాంటి పుస్తకాన్నే నమ్మాను.

అసలు పుస్తకం అప్పటికే ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సాలిడారిటీ అనే ట్రయల్ ఫలితాలు 2020 అక్టోబరులోనే బయటపెట్టింది. 30 దేశాలు, 405 ఆసుపత్రులు, 11,330 మంది రోగులు. అందులో మన దేశమూ ఉంది. రెమ్‌డెసివిర్ పడ్డ 2,743 మందిలో 301 మంది చనిపోయారు. పడని 2,708 మందిలో 303 మంది. ఈ రెండు వరసలు మొదటిసారి చూసినప్పుడు నాకు వదిన బోడి చేతులు గుర్తొచ్చాయి. ఆ నవంబరులోనే ఆసుపత్రిలో చేరినవాళ్ళకి దీన్ని వాడమని మేం చెప్పం అని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. మేం ఫ్లైఓవర్ కింద డబ్బులు లెక్కపెట్టింది దాని తర్వాత ఆరు నెలలకి.

ఆ మందు శుద్ధ దండగ అని కూడా నేననను. అంతకుముందు అమెరికా వాళ్ళు 1,062 మంది మీద చేసిన ట్రయల్లో కోలుకునే సమయం 15 రోజుల నుంచి 10 రోజులకు తగ్గింది. సాలిడారిటీ పూర్తి లెక్కలు 2022లో వచ్చినప్పుడు, వెంటిలేటర్ దాకా పోకుండా ఆక్సిజన్ మీదే ఉన్నవాళ్ళలో కొంచెం మేలు కనిపించింది. జబ్బు మొదట్లోనే, ప్రమాదం ఎక్కువున్నవాళ్ళకి మూడు రోజులు ఇస్తే ఆసుపత్రిలో చేరాల్సిన అవసరం బాగా తగ్గిందని ఇంకో ట్రయల్ చెప్పింది. అంటే ఎవరికి, ఎప్పుడు, ఎంత అన్నదాంట్లోనే ఉంది కిటుకంతా. ఆ కిటుకు షోకేసులో వయల్ చూస్తే తెలియదు. వేలమందిని రెండు వరసలుగా విడదీసి, రెండు వరసలూ చివరిదాకా రాస్తేనే తెలుస్తుంది.

విడదీయడం ఎలా అన్నదే అసలు సంగతి. ప్రత్తిపాడు దగ్గర మా మేనమామ మిర్చి వేస్తాడు. కొత్త విత్తనం వస్తే పొలమంతా వేయడు. కొన్ని సాళ్ళు పాతది, కొన్ని సాళ్ళు కొత్తది వేసి చూస్తాడు. ఒక ఏడాది విత్తనాల కంపెనీ ఏజెంటు వచ్చి కొత్తది కాలవ పక్క చెక్కలో వేయమన్నాడట. "నీళ్ళు బాగా అందే చోట ఏది వేసినా కాస్తుంది, అప్పుడది విత్తనం గొప్పా నేల గొప్పా ఎలా తెలుస్తుంది?" అని మామయ్య ఒప్పుకోలేదు. మందుకీ ఇదే లెక్క. ఆ మే నెలలో రెమ్‌డెసివిర్ ఎవరికి దొరికింది? డబ్బున్నవాళ్ళకి, ఫోన్లు చేయగల మనుషులున్నవాళ్ళకి, పెద్దాసుపత్రిలో మంచం దొరికినవాళ్ళకి. వాళ్ళు కాలవ పక్క చెక్కలో మొక్కలు. దొరకనివాళ్ళతో పోల్చి మందు గొప్పదంటే కుదరదు. అందుకే చీటీ, అంటే ఎవరికి ఏదో లాటరీలా తేల్చడం. డాక్టరమ్మ చెప్పిన కంప్యూటరు చేసేదీ అదే. డాక్టరు ఇష్టమూ కాదు, రోగి స్తోమతూ కాదు. చీటీ వేసినప్పుడు ముసలీ ముతకా, షుగరున్నవాళ్ళూ లేనివాళ్ళూ, ఉన్నోళ్ళూ లేనోళ్ళూ రెండు వైపులా ఇంచుమించు సమానంగా పడతారు. ఈ పద్ధతికి మొదటి పాఠం నేర్పింది కూడా పొలమే. 1920లలో ఇంగ్లండులో రొథాంస్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో ఫిషర్ అనే గణాంక శాస్త్రవేత్త మళ్ళకి చీటీలు వేయడం మొదలుపెట్టాడు. 1948లో స్ట్రెప్టోమైసిన్ అనే టీబీ మందు ట్రయల్ ఫలితాలతో అది ఆసుపత్రిలో స్థిరపడింది.

ఎంతమంది అన్నది కూడా ముఖ్యమే. రూపాయి బిళ్ళ పదిసార్లు ఎగరేస్తే ఏడుసార్లు బొమ్మ పడొచ్చు. వెయ్యిసార్లు ఎగరేస్తే ఏడువందలసార్లు పడదు. అదే మే నెలలో 2-డీజీ అనే కరోనా మందు పొట్లాల గురించి ఊరంతా మాట్లాడుకుంది. దాని మూడో దశ ట్రయల్లో ఉన్నది 220 మంది. నూటికి పాతికమంది పోయే జబ్బులో ఒక మందు ఇద్దరినో ముగ్గురినో కాపాడితే అది చాలా గొప్ప మందు. కానీ అంత సన్నటి తేడా 220 మందిలో ఆనదు.

ఇక డెక్సామెథసోన్ సంగతి. ఇది నేను ఎంత చెప్పినా తనివి తీరని సంగతి.

డిశ్చార్జి అయ్యాక ఇన్సూరెన్సు క్లెయిము కోసం పెదనాన్న కేసు షీటు జిరాక్సులు నా దగ్గరికి వచ్చాయి. వృత్తి అలవాటు కొద్దీ ప్రతి లైనూ చదివాను. రెమ్‌డెసివిర్ ఉన్న చోట పెద్దక్షరాలు, చుట్టూ గీత. దాని కింద రోజూ ఒకే చిన్న లైను, ఆత్రంగా గీకిన చేతిరాత: ఇంజెక్షన్ డెక్సా 6 ఎంజీ. చేరిన రోజు నుంచి వరసగా పది రోజులు. దాని గురించి మాకెవరూ చెప్పలేదు, మమ్మల్నెవరూ తెమ్మనలేదు, ఎక్కడా వెతకలేదు. నర్సు ట్రేలోంచి తీసి వేసేసింది. బిల్లులో దాని ధర చూశాను. మా ఆఫీసు కింద టీ ఖరీదు కన్నా తక్కువ.

ఈ మందు 1950ల నుంచీ ఉంది. ఉబ్బసానికీ కీళ్ళవాతానికీ ఎలర్జీకీ వాడే పాత స్టెరాయిడు. కరోనా మొదట్లో స్టెరాయిడ్లు వద్దనే పెద్దపెద్ద డాక్టర్లు చాలామంది అన్నారు, ఒంటి రోగనిరోధక శక్తిని అణిచేస్తాయి కదా అని. అంతే గట్టిగా కావాలన్నవాళ్ళూ ఉన్నారు. ఇద్దరిదీ అనుభవమే, ఇద్దరిదీ తర్కమే. ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నుంచి పీటర్ హార్బీ, మార్టిన్ లాండ్రే అనే ఇద్దరు రికవరీ అనే ట్రయల్ మొదలుపెట్టి ఆ వాదన తేల్చేశారు. 2020 మార్చిలో మొదటి రోగి చేరాడు, జూన్ 16న ఫలితం చెప్పారు. మూడు నెలలు! పరిశోధన కోసం కట్టిన ప్రత్యేక ఆసుపత్రుల్లో కాదు, మన జీజీహెచ్ లాంటి మామూలు ప్రభుత్వాసుపత్రులు 170కి పైగా కలిసి చేశాయి. 2,104 మందికి డెక్సా, 4,321 మందికి మామూలు వైద్యం. 28 రోజుల్లో వెంటిలేటర్ మీద ఉన్నవాళ్ళలో మరణాలు నూటికి 41.4 నుంచి 29.3కి పడిపోయాయి. ఆక్సిజన్ మీద ఉన్నవాళ్ళలో 26.2 నుంచి 23.3కి తగ్గాయి. ఆక్సిజన్ అవసరం లేనివాళ్ళలో మాత్రం ఏ మేలూ లేదు. మందు పడనివాళ్ళలో 14.0 ఉంటే పడినవాళ్ళలో 17.8. ఆ తేడా కాకతాళీయం కావచ్చు గానీ, మేలు లేదన్నది ఖాయం.

ఆ మూడో అంకె మన ఊళ్ళకి చేరి ఉంటే ఎంత బాగుండేది! రెండో వేవులో జ్వరం వచ్చిన రోజే, ఆక్సిజన్ 98 ఉన్నవాళ్ళకి కూడా స్టెరాయిడ్ బిళ్ళలు రాసిన చీటీలు నేను కళ్ళారా చూశాను. వాట్సాప్‌లో ఒక కోర్సు ఫొటో తిరిగేది, ఇంటిల్లిపాదీ అదే వేసుకునేవాళ్ళు. షుగరున్నవాళ్ళకి ఆ బిళ్ళలతో షుగరు చుక్కలంటింది. ఆ తర్వాత వచ్చిన బ్లాక్ ఫంగస్ కేసుల్లో అదుపు తప్పిన షుగరుకీ, విచ్చలవిడిగా వాడిన స్టెరాయిడ్లకీ పెద్ద పాత్ర ఉందని వైద్యులు మొత్తుకున్నారు. ఎవరికి ఇవ్వాలో ఎవరికి ఇవ్వకూడదో తేల్చిన ట్రయల్ ఏడాది ముందే జరిగింది. మందు పేరు మాత్రం మనదాకా వచ్చింది, షరతు రాలేదు.

మనవాళ్ళు ట్రయల్స్ చేయలేరనుకుంటే పొరపాటు. ప్లాస్మా మీద, అంటే జబ్బు నుంచి కోలుకున్నవాళ్ళ రక్తంలోంచి తీసి రోగికి ఎక్కించే ద్రవం మీద, ప్రపంచంలో ముందుగా తేల్చిన పెద్ద ట్రయల్స్‌లో ఒకటి మన భారత వైద్య పరిశోధన మండలి, ఐసీఎంఆర్‌దే. 2020 ఏప్రిల్ నుంచి జూలై దాకా 39 ఆసుపత్రుల్లో 464 మంది. ప్లాస్మా ఎక్కించినవాళ్ళలో జబ్బు ముదిరినవాళ్ళూ చనిపోయినవాళ్ళూ కలిపి నూటికి 19, ఎక్కించనివాళ్ళలో 18. ఆ అక్టోబరులోనే అచ్చయింది. అయినా తర్వాతి ఏడాది మేలో నా ఫోన్ నిండా "బి పాజిటివ్ ప్లాస్మా కావాలి, ప్లీజ్ షేర్" అన్న మెసేజీలే. నేనూ షేర్ చేశాను. జాతీయ మార్గదర్శకాల్లోంచి ప్లాస్మాను తీసేసింది 2021 మే 17న. మన ఆసుపత్రుల్లో మన రోగులు ఒప్పుకుని ఇచ్చిన జవాబు ఏడు నెలలు పక్కన పడి ఉంది. ఆ 464 మందికి మనం చేసిన అన్యాయం ఇది.

కృష్ణపట్నంలో ఆనందయ్య ఇచ్చిన మందు గురించి కూడా అడుగుతారని తెలుసు. మా వీధి నుంచి రెండు కార్లు వెళ్ళాయి. వెళ్ళినవాళ్ళను నేను తప్పు పట్టను, మంచాలు దొరకని రోజులవి. కానీ హాని లేదని తేలడం వేరు, మేలు చేస్తుందని తేలడం వేరు. అల్లోపతి అయినా ఆయుర్వేదమైనా చీటీ ముందు ఒకటే. ఆకుపసరుకి కూడా ఆ న్యాయం చేయొచ్చు, చేయాలి కూడా.

ఇప్పుడు కష్టమైన మాట. బాబాయి ఆ రోజు "మా మనిషి మీద ప్రయోగాలా?" అని కూడా అన్నాడు, డాక్టరమ్మ వెళ్ళిపోయాక. ఆ మాట ఊరికే రాలేదు. 2011లో మన పల్నాడులోనే, పిడుగురాళ్ళ పేద ఆడవాళ్ళకి డబ్బు ఆశ చూపి హైదరాబాదు తీసుకెళ్ళి మందులు పరీక్షించారన్న వార్తలు అందరం చదివాం. అంతకు రెండేళ్ళ ముందు ఖమ్మం జిల్లాలో గిరిజన హాస్టళ్ళలో ఆడపిల్లలకి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా అధ్యయనంలో చాలాచోట్ల తల్లిదండ్రుల బదులు వార్డెన్లు సంతకాలు పెట్టేశారు. 2010లో దాన్ని ఆపించారు, 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం గట్టిగా తప్పుపట్టింది. ఆ కోపం న్యాయమైనది. దాన్ని చదువులేనితనమనో మూఢత్వమనో కొట్టిపారేసేవాళ్ళతో నాకు పేచీ ఉంది.

కానీ ఆ కోపం ఎవరి మీద? అడక్కుండా చేసినవాళ్ళ మీద, చెప్పకుండా చేసినవాళ్ళ మీద. డాక్టరమ్మ అడిగింది, చెప్పింది. 2019 నాటి కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం ట్రయల్లో చేరినవాళ్ళకి దానివల్ల హాని జరిగితే వైద్యం ఉచితంగా చేయించాలి, నష్టపరిహారం ఇవ్వాలి. అనుమతిచ్చే నైతిక సంఘంలో వైద్యంతో సంబంధం లేని మామూలు మనిషి ఒకరు, న్యాయం తెలిసినవాళ్ళు ఒకరు ఉండాలి. అధ్యక్షులు ఆ ఆసుపత్రివాళ్ళు కాకూడదు. రోగికి అర్థమయ్యే భాషలో చెప్పాలి, ఎప్పుడైనా మానుకునే హక్కుంది. ఇవన్నీ కాగితం మీద ఉన్నాయి, పాటించని చోట నిలదీయాల్సిందే. మరి ఫ్లైఓవర్ కింద నేను కొన్న ఆరు వయల్స్‌కి ఏ నైతిక సంఘం ఉంది? వికటిస్తే ఎవరు పరిహారం ఇస్తారు? మా పెదనాన్న మీద ప్రయోగం జరగకుండా ఆపామనుకున్నాం. జరిగింది. మేమే డబ్బిచ్చి చేయించాం. ఫలితం ఎక్కడా రాసుకోలేదు. ఆ మే నెలలో కృష్ణా, గుంటూరు జిల్లాల్లో వేలమంది మీద ఇదే జరిగింది. ఓచరు లేని ఖర్చు. తర్వాత జబ్బు పడేవాడికి దాంట్లోంచి ఒక్క ముక్క ఉపయోగపడదు.

"ప్రాణం మీదకొస్తే లాటరీ వేస్తారా?" అని నా స్నేహితుడొకడు కోప్పడ్డాడు. పనిచేస్తుందని తెలిసిన మందుకి లాటరీ వేస్తే అది ఘోరం. తెలియనప్పుడు మాత్రం చీటీలో ఏ వైపు పడితే మంచిదో కూడా తెలియదు కదా. రికవరీ ట్రయల్లోనే హైడ్రాక్సీక్లోరోక్విన్ అనే మలేరియా బిళ్ళ వంతు వచ్చినప్పుడు, ఆ బిళ్ళ పడ్డవాళ్ళలో నూటికి 27 మంది పోయారు, పడనివాళ్ళలో 25. ఆ బిళ్ళ కోసం ప్రపంచమంతా కొట్టుకుంటున్న రోజుల్లో, చీటీలో ఆ బిళ్ళ రానివాళ్ళు పోగొట్టుకున్నదేమీ లేదు.

మంగళగిరిలో ఇప్పుడు ఎయిమ్స్ ఉన్న చోట ఒకప్పుడు టీబీ శానిటోరియం ఉండేది. మా నాయనమ్మ తమ్ముడు అక్కడ ఏడాదికి పైగా ఉన్నాడట. నెలకోసారి చూడ్డానికి పోయేదాన్నని, దూరంగా నిలబెట్టేవాళ్ళని నాయనమ్మ చెప్పేది. టీబీ వస్తే ఇల్లు వదిలి పోవాల్సిందే అన్నది అప్పటి నమ్మకం. 1956లో మద్రాసులో 193 మంది పేద రోగులతో ఒక ట్రయల్ మొదలైంది. చీటీ వేసి కొందరిని శానిటోరియానికి పంపారు, కొందరికి ఇరుకిళ్ళలోనే ఉంచి అవే మందులిచ్చారు. 1959లో ఫలితం వచ్చింది. ఇంట్లో ఉన్నవాళ్ళకీ దాదాపు అంతే బాగా నయమైంది, ఇంట్లోవాళ్ళకి అంటుకోవడం కూడా పెరగలేదు. టీబీ రోగి ఇంట్లోనే మందు మింగి బతకొచ్చన్న ధైర్యం ప్రపంచానికి వచ్చింది అక్కడి నుంచే. వాళ్ళలో ఒక్కరి పేరు కూడా మనకి తెలియదు. మన ఇళ్ళలో టీబీకి బిళ్ళలు మింగి, మంచం మీద నుంచే పిల్లల్ని చూసుకున్న ప్రతి తల్లీ వాళ్ళకి రుణపడి ఉంది. ఎయిమ్స్ ముందు నుంచి వెళ్ళిన ప్రతిసారీ నాకు వాళ్ళే గుర్తొస్తారు.

ఇంకో జబ్బు వస్తుంది. అప్పుడు మొదటి వారంలోనే విజయవాడ, గుంటూరు పెద్దాసుపత్రుల్లో చీటీ వేసే ఏర్పాటు ఉండాలి. ఒప్పంద పత్రం తెలుగులో ఉండాలి, అదీ మనం మాట్లాడుకునే తెలుగులో, రెండు మూడు పేజీలకి మించకుండా. ఆ రోజు డాక్టరమ్మ చేతిలో కట్ట ఇరవై పేజీలు దాటి ఉంటుంది, పై పేజీ ఇంగ్లీషులో కనిపించింది. పెదనాన్న పోస్టాఫీసులో మనియార్డరు డబ్బు ఇచ్చేటప్పుడు కూడా ఫారం చదివి వినిపించకుండా ఎవరి చేతా వేలిముద్ర వేయించేవాడు కాదు. అలాంటి మనిషి కావాలి ప్రతి వార్డులో. ఫలితం తేలాక అదే ఆసుపత్రి గోడ మీద, అదే తెలుగులో అంటించాలి.

పోయిన సంక్రాంతికి అందరం పెదనాన్న వాళ్ళింట్లో కలిశాం. భోజనాలయ్యాక వసారాలో కూర్చున్నప్పుడు, ఆ డాక్టరమ్మ సంగతి మొదటిసారి ఆయనకి చెప్పాను. అప్పటిదాకా ఎవరం చెప్పలేదు. బాబాయి తల వంచుకున్నాడు.

పెదనాన్న చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మరి నన్నడగలేదేంరా?" అన్నాడు.

"నువ్వు ఆక్సిజన్ మీద ఉన్నావు కదా పెదనాన్నా."

"మాట్లాడుతూనే ఉన్నానుగా రోజూ ఫోన్లో."

నా దగ్గర జవాబు లేదు. ఆమె అడగాల్సిందీ, మేం అడగనివ్వాల్సిందీ ఆయన్ని.

"అడిగుంటే ఏమనేవాడివి?" అన్నాను.

"ఏమో" అన్నాడు. "కాగితం చదివి చెప్పేవాణ్ణి."